ఆగి ఆగి నడిచే పాత బండి: జబ్బు కనిపెట్టడం ఎలా?

పూర్తిగా మొరాయించిన బండి ఒక రకంగా నయం. అది షెడ్డులోనే ఉంటుంది, మనం వేరే బండి చూసుకుంటాం. మెకానిక్కు కూడా దాని జబ్బు ఒక పూటలో పట్టేస్తాడు. అసలు చిక్కంతా నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోయి, పావుగంట తర్వాత ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యే బండితోనే. షెడ్డుకు తీసుకెళ్తే నిక్షేపంగా నడుస్తుంది. "ఏమీ లేదు భాయ్, బాగానే ఉంది కదా" అంటారు. మరుసటి వారం మళ్లీ నడిరోడ్డు మీద ఆగుతుంది.

సొంత బండి అయితే మనం ఒక్కరమే ఇబ్బంది పడతాం. మన సొసైటీ వ్యాను అలా కాదు. అందులో నంద్యాల నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి వెళ్లే రోగి ఉంటాడు, నొప్పులు పడుతున్న తల్లి ఉంటుంది. ఒక్కోసారి అస్ర్ నమాజు లోపల సొంతూరు చేర్చవలసిన మయ్యత్ ఉంటుంది. ఆ బండి దాతల సద్ఖాతో కొన్నది, దాతల సొమ్ముతో నడుస్తున్నది. అంటే అది మన చేతిలో ఉన్న అమానత్. దాన్ని రోడ్డు మీద ఆగనివ్వకూడదు. ఆగకుండా చేయడానికని తోచిన సామానల్లా మార్చి ఆ సొమ్మును వృథా చేయనూకూడదు. ఈ రెండూ జరగకుండా ఉండాలంటే జబ్బును వెతికే పద్ధతి డ్రైవరుకూ కమిటీకీ కూడా తెలిసి ఉండాలి. మెకానిక్కు పని మెకానిక్కే చేస్తాడు. కానీ ఈ తరహా జబ్బులో అతనికి కావలసిన సమాచారం బండిలో కూర్చున్నవాళ్ల దగ్గరే ఉంటుంది.

ఇంజనుకు కావలసినవి

పెట్రోలు ఇంజను తిరగాలంటే సరిపడా పెట్రోలు, సరిపడా గాలి, సరైన క్షణంలో ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ ఉండాలి. ఆగిందంటే ఈ మూడింటిలో ఏదో ఒకటి అందలేదని అర్థం.

మన దగ్గర సేవా సంస్థల చేతుల్లో ఎక్కువగా కనిపించే మారుతి వ్యానునే తీసుకుందాం. 1984లో రోడ్ల మీదికి వచ్చి, తర్వాత ఓమ్నీ అన్న పేరుతో 2019 దాకా తయారైంది. మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజను. పాతవాటిలో కార్బొరేటరు, తర్వాతవాటిలో ఎంపీఎఫ్ఐ. కార్బొరేటరు బండిలో పెట్రోలును జెట్టులు కొలిచి పంపుతాయి. ఎంపీఎఫ్ఐ బండిలో ట్యాంకులోని కరెంటు పంపు పెట్రోలును ఒత్తిడితో తోస్తుంది. ఎంత చిమ్మాలో, ప్లగ్గు ఎప్పుడు మండాలో ఒక చిన్న కంప్యూటరు లెక్క చూస్తుంది. ఆ కంప్యూటరుకు కరెంటు అందకపోయినా, ఇంజను తిరుగుతోందని చెప్పే సెన్సారు పలకకపోయినా పెట్రోలూ నిప్పురవ్వా రెండూ ఒక్కసారే ఆగిపోతాయి. పైగా ఇలాంటి వ్యాన్లలో ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది. మన రాయలసీమ ఎండకు ఆ వేడి తోడైతే చుట్టుపక్కల వైర్ల మీద, కనెక్టర్ల మీద భారం పడుతుంది.

ఆగిన తీరు ఏం చెబుతుంది?

డాక్టరు జ్వరం అనగానే మందు రాయడు. ఎప్పుడు వస్తోంది, చలితో వస్తోందా, రాత్రుళ్లా పగలా అని అడుగుతాడు. బండినీ అలాగే అడగాలి.

స్విచ్ కట్టేసినట్టు ఒక్కసారిగా ఆగితే ముందు కరెంటు వైపు చూడాలి. ఇగ్నిషన్ స్విచ్, మెయిన్ రిలే, ఫ్యూజు, ఎర్త్ వైరు, కాయిల్, సెన్సార్లు అన్నీ ఈ కోవలోవే.

మిస్సింగ్ కొడుతూ, పికప్ తగ్గుతూ, రెండు మూడు కుదుపులిచ్చి ఆగితే పెట్రోలు వైపు చూడాలి. ఫిల్టరు మూసుకుపోవడం, పంపు బలహీనపడటం, ట్యాంకులో తుప్పు, పెట్రోలులో నీళ్లు దీనికి సాధారణ కారణాలు. పాత కార్బొరేటరు బండ్లలో ట్యాంకు మూతలోని గాలి రంధ్రం పూడుకుపోయినా ఇలాగే జరుగుతుంది. ఆగిన వెంటనే మూత తిప్పితే గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు గట్టిగా వినిపించి, తర్వాత బండి స్టార్టయితే అనుమానం మూత మీదికే పోవాలి. ఇంకొక సంగతి. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం 2023లో మొదలై, 2025 నాటికి దేశమంతా దాదాపు అదే అయింది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, ట్యాంకులో పాతుకుపోయిన మడ్డిని కదిలిస్తుంది. అందుకని పాత బండ్లలో ఫిల్టరును, రబ్బరు పైపులను ఇంతకుముందుకన్నా తరచుగా చూసుకోవాలి. వారాల తరబడి కదలని బండిలో ఈ జాగ్రత్త మరీ అవసరం.

రోడ్డు మీద బాగా పోతూ, సిగ్నలు దగ్గర క్లచ్ తొక్కి యాక్సిలరేటరు వదలగానే ఆగితే ఐడ్లింగ్ లోపం. థ్రాటిల్ దగ్గర మసి పేరుకోవడం, ఐడ్లింగ్ గాలిని సరిచూసే వాల్వు పట్టేయడం, ఎక్కడో పైపు పగిలి దొంగగాలి లోపలికి రావడం చూడాలి.

గతుకులో పడ్డప్పుడే ఆగితే వదులైన బ్యాటరీ టెర్మినలో, కదులుతున్న కనెక్టరో అయి ఉంటుంది. వానలోనే ఆగితే హైటెన్షన్ వైర్లు, డిస్ట్రిబ్యూటరు మూత తేమ పట్టాయేమో చూడాలి. ట్యాంకు అడుగంటినప్పుడే ఆగితే మడ్డి గానీ పంపు గానీ. బాగా వేడెక్కాకే ఆగి, చల్లారాక స్టార్టయితే కాయిల్, సెన్సారు, రిలే, పెట్రోలు పంపు అనే నలుగురిలో ఒకరు దోషి.

నలభై పేజీల నోటు పుస్తకం

ఇవన్నీ జ్ఞాపకంతో తేలవు. "ఎప్పుడూ ఎండలోనే ఆగుతుంది సాబ్" అని డ్రైవరు అంటాడు. రాసి చూస్తే ఒకటి సాయంత్రం ఆరింటికి ఆగి ఉంటుంది. అందుకని బండిలో ఒక నోటు పుస్తకం, పెన్ను ఉండాలి. ఆగిన ప్రతిసారీ ఈ వివరాలు రాయాలి: తేదీ, సమయం, స్థలం. స్టార్టు చేసి ఎంతసేపైంది. ఎండా, వానా. ట్యాంకులో పెట్రోలు ఎంత. వేగంగా పోతోందా, నిలబడి ఉందా. ఒక్కసారిగా ఆగిందా, కుదుపులతోనా. ఎంతసేపటికి స్టార్టయింది. ఇంకో మాట. ఆగుతుందనుకున్న చోట ఆగకపోతే అదీ రాయాలి. ఆగని రోజులు కూడా సాక్ష్యమే.

రోడ్డు పక్కనే చేయదగ్గ పరీక్షలు

జబ్బు కనిపించేది ఆ పదిహేను నిమిషాలే. షెడ్డుకు వెళ్లేసరికి మాయం. కాబట్టి ఆగిన చోటే, చల్లారక ముందే డ్రైవరు కొన్ని సంగతులు గమనించాలి. దీనికి ఏ పనిముట్టూ అక్కర్లేదు.

మొదటిది: సెల్ఫ్ కొట్టకుండా తాళం ఆన్ దాకా తిప్పి మీటర్ల వైపు చూడాలి. ఎంపీఎఫ్ఐ బండిలో ఇంజను బొమ్మ ఉన్న దీపం అప్పుడు వెలగాలి. వెలిగితే కంప్యూటరుకు కరెంటు అందుతున్నట్టు.

రెండోది: అదే సమయంలో వెనక ట్యాంకు వైపు చెవి పెట్టాలి. పంపు రెండు మూడు సెకన్లు సన్నగా గుయ్‌మని ఆగాలి. బండి బాగున్న రోజునే ఈ చప్పుడు విని గుర్తుపెట్టుకుంటే, లేని రోజు తేడా తెలుస్తుంది.

మూడోది: సెల్ఫ్ కొడితే ఇంజను మామూలు వేగంతో తిరుగుతోందా, హెడ్‌లైటు బాగా మసకబారుతోందా చూడాలి. బాగా మసకబారితే బ్యాటరీ, టెర్మినళ్లు, ఎర్త్ చూసుకోవాలి.

దీపమూ లేదు, పంపు చప్పుడూ లేదంటే కంప్యూటరుకే కరెంటు లేదు. మెయిన్ రిలే, దాని ఫ్యూజు, ఇగ్నిషన్ స్విచ్, ఎర్త్ వైరు వెతకాలి. దీపం వెలిగి పంపు పలకకపోతే పంపు గానీ, పంపు రిలే గానీ, వాటి వైరింగు గానీ. రెండూ బాగుండి స్టార్టు కాకపోతే నిప్పురవ్వ, పెట్రోలు ఒత్తిడి చూడవలసింది మెకానిక్కు. అక్కడ దారి రెండుగా చీలుతుంది. నిప్పురవ్వ లేకపోతే కాయిల్, సెన్సారు. ఉంటే ఫిల్టరు, పంపు, ఇంజెక్టరు.

నిప్పురవ్వ పరీక్ష డ్రైవరు చేయకూడదు. ప్లగ్గు వైరు పీకి చేత్తో పట్టుకుని చూడటం మన షెడ్లలో పాత అలవాటు. ఇప్పటి కాయిల్ కొట్టే దెబ్బ మామూలుది కాదు, కంప్యూటరు కూడా పాడవుతుంది. అంబులెన్సులో ఆక్సిజన్ తెరిచి ఉండగా, పెట్రోలు వాసన వస్తుండగా ఆ పని అసలే వద్దు.

మన వ్యాను సంగతి

గత వేసవిలో మన వ్యాను విషయంలో జరిగింది ఇదే. మార్చి ఆఖరున కర్నూలు నుంచి ఖాళీగా వస్తూ ఓర్వకల్లు దగ్గర ఆగింది. ఇరవై నిమిషాలకు స్టార్టయింది. ప్లగ్గులు మార్చారు. ఏప్రిల్‌లో కర్నూలు ఆసుపత్రి గేటు ముందు ఇంజను నడుస్తుండగా ఆగింది. ఫిల్టరు, పెట్రోలు పంపు మార్చారు. అదే నెలలో పాణ్యం దాటాక మళ్లీ ఆగింది. ఈసారి లోపల రోగి ఉన్నాడు. వెనక వస్తున్న ఆటో ఆపి ఎక్కించవలసి వచ్చింది. అల్లాహ్ దయవల్ల అతనికి ఏమీ కాలేదు. కాయిల్ మార్చారు. అప్పటికి ఖర్చు వేలల్లోకి పోయింది. మారిన ప్రతి సామానూ వేడికి చెడేదే కాబట్టి ప్రతి అంచనా సబబుగానే కనిపించింది. కానీ ఒక్కదానికీ పరీక్ష జరగలేదు.

అప్పుడు కమిటీ రెండు నిర్ణయాలు తీసుకుంది. జబ్బు తేలేదాకా వ్యాను రోగులను ఎక్కించుకోకూడదు, రేషన్ కిట్ల పంపిణీకి ఊళ్లోనే తిరగాలి. రోగులకు అద్దె బండి పెట్టాలి. రెండోది నోటు పుస్తకం.

రాసి చూస్తే సంగతి తేటపడింది. ఆగిన మూడుసార్లూ మధ్యాహ్నమే. మూడుసార్లూ ముందు అరగంటకు పైగా ఇంజను నడిచింది. మూడుసార్లూ ఒక్క కుదుపు కూడా లేకుండా ఆగింది. ట్యాంకు ఒకసారి నిండుగా, ఒకసారి సగం. రాత్రి రెండింటికి అదే రోడ్డు మీద అంతే దూరం పోయినప్పుడు ఆగలేదు. కాబట్టి ఇది వేడికి తెగుతున్న కరెంటు. మే మొదటి వారంలో గాంధీ చౌక్ వైపు కిట్లు దించుతుండగా నాలుగోసారి ఆగింది. డ్రైవరు తాళం తిప్పి చూశాడు. ఇంజను దీపం వెలగలేదు. వెనక పంపు పలకలేదు. హారను మోగుతోంది, సెల్ఫ్ బలంగా తిరుగుతోంది. ఈ మాటలే పుస్తకంలో రాశాడు.

ఆ నాలుగు మాటలతో ఉస్తాద్ పని సగం అయిపోయింది. హారను, సెల్ఫ్ బాగున్నాయి కాబట్టి బ్యాటరీ కాదు. దీపం, పంపు రెండూ ఒక్కసారే పోయాయి కాబట్టి రెండింటికీ ఉమ్మడిగా కరెంటు ఇచ్చే చోటే లోపం. డ్యాష్‌బోర్డు కింద ఉన్న మెయిన్ రిలే తీసి, డబ్బా విప్పి, భూతద్దంతో చూశాడు. ఒక కాలు చుట్టూ టంకం ఉంగరంలాగా పగిలి ఉంది. చల్లగా ఉన్నప్పుడు ఆ పగులు తాకుతూనే ఉంటుంది. వేడికి లోహం సాగినప్పుడు సందు పడి కరెంటు తెగుతుంది. చల్లారితే మళ్లీ తాకుతుంది. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారే రిలేల్లో ఇది వచ్చే జబ్బే.

ఉస్తాద్ అక్కడితో ఆగలేదు. పాత రిలేనే తిరిగి పెట్టి, ఇంజను నడుస్తుండగా జుట్టు ఆరబెట్టే యంత్రంతో దానికి వేడిగాలి పట్టించాడు. కొద్ది నిమిషాల్లో ఇంజను ఆగింది. కొత్తది పెట్టి అంతే వేడి పట్టించాడు. ఆగలేదు. జబ్బు కనిపెట్టడమంటే ఇదీ. దాన్ని మనం కావాలన్నప్పుడు రప్పించగలగాలి, కారణం తీసేస్తే పోవాలి. రోహిణి కార్తె ఎండల్లో వ్యానును ఖాళీగా కర్నూలు దాకా మూడుసార్లు తిప్పి చూశాకే మళ్లీ రోగులను ఎక్కించారు. రిలే ఖరీదు వందల్లోనే.

అన్ని బండ్లకూ జబ్బు రిలేలోనే ఉంటుందని దీని అర్థం కాదు. అలా అనుకుని రిలే మార్చడం కూడా ఇంకొక గుడ్డి అంచనాయే అవుతుంది. వెతికిన క్రమమే అందరికీ పనికొచ్చేది.

డీజిల్, గ్యాసు బండ్ల విషయం

పాత డీజిల్ జీపులు, వ్యాన్లలో ప్లగ్గు, కాయిల్ ఉండవు. అక్కడ ముఖ్యంగా అనుమానించవలసింది డీజిల్ లైనులో గాలి పట్టడం. ఆగినప్పుడు ఫిల్టరు దగ్గరి చేతి పంపు కొట్టి చూడాలి. కొట్టాక స్టార్టయి మళ్లీ ఆగుతుంటే ట్యాంకు నుంచి పంపు దాకా ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదా ఫిల్టరో ట్యాంకులోని జాలీనో మూసుకుంది. ఫిల్టరు అడుగున నీళ్లు వదిలే మర ఉంటే నీళ్లు తీసి చూడాలి. ఒక్కసారిగా ఆగితే ఇంజనును ఆపే సోలినాయిడుకు కరెంటు తెగుతోందేమో చూడాలి. తాళం తిప్పగానే అది టక్కున చప్పుడు చేయాలి.

గ్యాసు కిట్టు ఉన్న బండి ఆగుతుంటే కొన్ని రోజులు పెట్రోలు మీదే నడిపి చూడాలి. పెట్రోలు మీద ఆగకపోతే లోపం గ్యాసు వైపు ఉంది. రెండింటి మీదా ఆగితే కరెంటు, గాలి చూడాలి.

స్కానరు చెప్పేది ఎంత?

మన దేశంలో ఓబీడీ రెండో దశ 2013 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు బండ్లలో చాలావాటి నుంచి స్కానరుకు దొరికే సమాచారం తక్కువే. కోడు వచ్చినా అది ఏ దారిలో లోపం ఉందో చెబుతుంది, ఏ సామాను చెడిందో చెప్పదు. పీ0335 అని వస్తే క్రాంక్ సెన్సారు దారి అని అర్థం. సెన్సారే కావచ్చు, దాని వైరూ కావచ్చు, కనెక్టరులో పచ్చచిలుమూ కావచ్చు. కొత్త సెన్సారు కొనే ముందు ఆ వైరు చూడాలి. అలాగే కంప్యూటరుకు కరెంటే తెగినప్పుడు ఏ కోడూ నమోదు కాకపోవచ్చు. "స్కానరులో ఏమీ రాలేదు" అన్నమాట బండి బాగుందనడానికి రుజువు కాదు.

దానికన్నా చవకైన పనిముట్టు మల్టీమీటరు. ఇంజను ఆపి కొంతసేపు ఉంచిన మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపాలి. ఇంజను నడుస్తుంటే సాధారణంగా 13.8 నుంచి 14.4 దాకా ఉండాలి. ఇంజను నడుస్తూ లైట్లన్నీ వెలుగుతుండగా బ్యాటరీ మైనస్‌కూ ఇంజను ఒంటికీ మధ్య 0.2 వోల్టు దాటి చూపితే ఎర్త్ వైరు శుభ్రం చేయించాలి.

నడిరోడ్డు మీద ఆగితే

ఇంజను ఆగినంత మాత్రాన బ్రేకు పోదు. కానీ సర్వో బ్రేకుకు ఇంజను ఇచ్చే ఆసరా ఒకటి రెండు తొక్కులకే మిగులుతుంది. కాబట్టి పదే పదే తొక్కకుండా ఒకేసారి గట్టిగా, నిలకడగా తొక్కాలి. క్లచ్ తొక్కి, నాలుగు ఇండికేటర్లూ వేసి, బండి ఊపులోనే ఎడమ పక్కకు తేవాలి. కదులుతుండగా తాళం పూర్తిగా వెనక్కి తిప్పితే స్టీరింగు లాకు పడుతుంది. అది ప్రాణం మీదికి తెస్తుంది. ఆగాక వెనక దూరంగా త్రికోణపు గుర్తు పెట్టాలి. కూడా వచ్చిన బంధువులను రోడ్డు మీద నిలబెట్టి తోయించకూడదు.

లోపల రోగి ఉంటే "కాసేపు ఆగితే అదే స్టార్టవుతుంది" అన్న ఆశకు లొంగకూడదు. ముందు 108కీ, మన రెండో బండికీ ఫోను చేయాలి. బండి పరీక్షలు ఆ తర్వాత. అది ఈలోగా స్టార్టయినా సరే, రోగిని వచ్చిన బండిలోకే మార్చాలి.

కమిటీలకు ఒక మాట

సేవా బండ్లు నడిపే మన జమాత్‌లన్నీ ఈ పద్ధతి పెట్టుకోవచ్చు. ఏ పరీక్షలో తేలిందో రాయనిదే సామాను కొనడానికి సొమ్ము మంజూరు చేయవద్దు. ఒకసారికి ఒకే సామాను మార్చాలి. రెండు మూడు కలిపి మారిస్తే బాగైనా ఏది జబ్బో తెలియదు. మార్చిన పాత సామాను బిల్లుతో పాటు ఖజాంచీకి చేరాలి. ఆగిన బండి అదే ఎండలో, అదే దూరం, ఖాళీగా తిరిగి నిలబడ్డాకే రోగి ఎక్కాలి. బండి ఆగిందని ఉన్నదున్నట్టు చెప్పిన డ్రైవరును మందలించవద్దు. తిట్లకు భయపడి దాచిన ఒక్క సంగతి తర్వాత ఒక ప్రాణం ఖరీదు కావచ్చు.

నోటు పుస్తకం ఇప్పుడు వ్యానులో అద్దం పక్కన సంచిలో ఉంది. అందులో పేజీలు ఇంకా మిగిలి ఉన్నాయి. అవి ఖాళీగానే ఉండాలని, అల్లాహ్ మన ఈ చిన్న సేవను స్వీకరించాలని దుఆ చేద్దాం. ఆమీన్.